కోళ్ళ పెంపకం అరలో జావా

నేను చదివింది మా ఊరి వీధిబడిలో. మేష్టారు నిద్రపోతే బడి నడిచేది, లేస్తే ఆగిపోయేది. అంచేత ఇండోనేషియా అనే దేశం ఒకటుందని ఢిల్లీ వచ్చి, కరోల్ బాగ్‌లో మెస్ పెట్టాకగాని నాకు తెలీదు. రంగం, అదే బర్మా, మాత్రం తెలుసు. మా మేనమామ రంగంలో ఏనుగు మీద కూర్చుని గడ్డం గీయించుకునేవాడు. మంగలి ఇంకో ఏనుగు మీద. ఈ మాట చెబితే మెస్‌లో కుర్రాళ్ళంతా నవ్వేవాళ్ళు, లక్ష్మీపతి తప్ప.

"ఎవిడెన్స్ ఏమిటి బాబాయ్?" అనేవాడు.

"ఏనుగు పోయిందిరా. లేకపోతే ఈపాటికి పిలిపించేవాణ్ణి."

లక్ష్మీపతిది తెనాలి. వాడి గదిలోనే ఉండే పౌలురాజుది నర్సాపురం. ఇద్దరూ యూనివర్సిటీలో ఆగ్నేయాసియా దేశాల మీద పరిశోధన చేసేవాళ్ళు. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేటి మాట ఇది. అసూయ అనేది నేను చాలామందిలో చూశాను గానీ, లక్ష్మీపతిలో చూసినంత నిఖార్సయిన సరుకు మరెక్కడా చూళ్ళేదు. ప్రొఫెసరుగారు పౌలురాజుని "రాజూ" అంటారట, వీణ్ణి "మిస్టర్ లక్ష్మీపతీ" అంటారట. ఆ మిస్టరు వీడికి చేపముల్లులా గొంతులో దిగింది.

దానికి తోడు గుడ్లు. పౌలురాజు అక్క రెబ్కా నర్సు, జనక్‌పురిలో కాపురం, డాబా మీద కోళ్ళు పెంచేది. ఆదివారం చర్చి అయ్యాక గుడ్లు తెచ్చి నా చేతిలో పెట్టేది. "మావాడు పుల్లలా అయిపోతున్నాడు, కాస్త చూసి వెయ్యండి బాబాయ్ గారూ" అని. పౌలురాజు తన గుడ్డు కోసి సగం లక్ష్మీపతి కంచంలో వేసేవాడు. వీడు తినేవాడు. తింటూ, పచ్చసొన ఎవడివైపు ఎక్కువ పడిందో చూసుకునేవాడు.

"మాకు కోళ్ళూ లేవు, అక్కలూ లేరు" అని నిట్టూర్చేవాడు, నోట్లో గుడ్డు పెట్టుకునే.

అలాంటి రోజుల్లో ఆ స్కాలర్‌షిప్ వచ్చి పడింది. రెండేళ్ళు జావాలో చదువు, విమానం ఖర్చు కూడా వాళ్ళదే. సీటు ఒక్కటి. మా కుర్రాళ్ళిద్దరూ అప్లికేషన్ పెట్టారు. ఇంటర్వ్యూలో ఇండోనేషియా భాషలో పేజీ ఒకటి ఇచ్చి, అర్థం చెప్పమంటారట. ఆ భాషకి పనికొచ్చే నిఘంటువు యూనివర్సిటీ లైబ్రరీలో ఒక్కటే ఉంది. ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి.

పరిశోధకుల కులధర్మం ఒకటి చెబుతాను, వినండి. వాళ్ళు పుస్తకం ఎత్తుకుపోరు, అది దొంగతనం. సంబంధం లేని అరలో దాచి, తామొక్కళ్ళే చదువుకుంటారు. అది పరిశోధన.

ఓ మధ్యాహ్నం నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే లక్ష్మీపతి వచ్చి పక్కన చతికిలబడ్డాడు. మొహం మతాబాలా ఉంది.

"దాచేశాను బాబాయ్! ఎక్కడో చెప్పుకో."

"నీ మొహం చూస్తే చెప్పకుండా నువ్వే ఆగేట్టు లేవు. చెప్పు."

"కోళ్ళ పెంపకం అరలో! మన యూనివర్సిటీలో కోళ్ళ గురించి చదివే మొనగాడెవడు? గుడ్లు వాడికి, నిఘంటువు నాకు."

"జాగర్తరా అబ్బాయ్. మా మేనమామ పొరుగువాడి ఏనుగుని తన గడ్డివాములో దాచాడు. తెల్లారేసరికి వాము లేదు, ఏనుగుంది. అదీ మునుపటికన్నా లావుగా."

"ఎవిడెన్స్?" అని లేచిపోయాడు.

పౌలురాజు పొద్దున్నే బస్సెక్కి లైబ్రరీకి పోయేవాడు. లక్ష్మీపతి ఆలస్యంగా లేచే రకం, మధ్యాహ్నం పోయి చీకటిపడ్డాక వచ్చేవాడు. కొన్నాళ్ళు హాయిగా చదివాడు. ఆపైన రెబ్కా కోళ్ళకి కొక్కెర తెగులు తగిలి ఒక ఆదివారం గుడ్లు రాలేదు. లక్ష్మీపతి ఆ పూట చారన్నంతో పండగ చేసుకున్నాడు.

ఆ పండగ నాలుగు రోజులైనా నిలవలేదు. ఓ సాయంత్రం జుట్టునిండా దుమ్ముతో వచ్చాడు.

"పుస్తకం లేదు బాబాయ్!"

"ఏనుగు నడిచిందన్నమాట."

"వేళాకోళం వద్దు. మేకల అర చూశాను, పట్టుపురుగుల అర చూశాను, పశువుల వైద్యం మొత్తం తిరగేశాను."

"లైబ్రరీవాళ్ళని అడగరాదూ?"

"కోళ్ళ అరలో పెట్టాను, కనబడ్డం లేదని అడగమంటావా?"

ఇంటర్వ్యూ దాకా అలాగే దుమ్ము తిన్నాడు. పౌలురాజుని అడగడానికి నోరు రాలేదు. వాడి మొహం చూస్తే దొరికిపోతానని భయం. నాకు జాలీ వేసింది, నవ్వూ వచ్చింది. నవ్వే ముందొచ్చింది, దాచడమెందుకు.

సీటు పౌలురాజుకి వచ్చింది. కబురు తెలిసిన రోజు రెబ్కా బుట్టెడు గుడ్లు తెచ్చి, మెస్‌లో అందరికీ వెయ్యమంది. లక్ష్మీపతి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"మీ కోళ్ళు కోలుకున్నాయా అమ్మాయ్?" అన్నాను.

"వీడి పుణ్యమే బాబాయ్ గారూ. తెగులుకేం చెయ్యాలో మీ పెద్ద లైబ్రరీలో చూడరా అన్నాను. పాపం, వెతికి చూసి చెప్పాడు."

పౌలురాజు నవ్వాడు. "ఆ కోళ్ళ పుస్తకాల మధ్య మా నిఘంటువు దొరికింది బాబాయ్ గారూ! ఎవడో తలమాసినవాడు పొరపాటున అక్కడ పెట్టేశాడు."

లక్ష్మీపతి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "తీసి... ఎక్కడ పెట్టావురా?" అన్నాడు, గోడతో.

"ఎక్కడేమిట్రా? దాని చోట్లోనే, మన ఆగ్నేయాసియా అరలో. పొద్దున నేను చదువుకుని, మధ్యాహ్నానికల్లా వదిలేసి వచ్చేవాణ్ణి, నువ్వొస్తావు కదా అని."

లైబ్రరీ అంతా గాలించినవాడు, అది ఉండాల్సిన అర ఒక్కటీ చూడలేదు. అక్కడ లేదని వాడికి అంత గట్టిగా తెలుసు మరి.

నేను పోయి లక్ష్మీపతి కంచంలో గుడ్డు వేశాను. సగం కాదు, నిండు గుడ్డు. వాడు దాన్నోసారి చూశాడు. మెల్లిగా మెడ తిప్పి పక్క కంచంలోకీ చూశాడు.

"వాడికి రెండేశావేం బాబాయ్?" అన్నాడు.