తబితత్త చేతికి మైకు

మా తబితత్త చేతికి మైకిస్తే ఇక అంతే. ఎక్కడుందో, ఎదురుగా ఎవరున్నారో చూసుకోదు, సాక్ష్యం మొదలుపెట్టేస్తుంది. అనకాపల్లిలో మా చర్చిలో ప్రతి ఆదివారం పాటలయ్యాక, దేవుడు మేలు చేశాడనుకున్నవాళ్ళు లేచి ఆ సంగతి సంఘానికి చెప్పాలి. జ్వరం తగ్గినవాళ్ళు, గేదె సుఖంగా ఈనినవాళ్ళు రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. తబితత్త మాత్రం పాస్టరుగారు గడియారం చూసుకునేదాకా వదలదు.

ఆవిడ కొడుకు బెన్‌హర్‌కి మా చెల్లి దీనానిచ్చాం. నాతోపాటు బెల్లం లారీ తోలేవాడు. రెండువేల మూడులో కువైట్ వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఇరాక్‌లోకి అమెరికా సైన్యానికి ఆయిల్ ట్యాంకరు తోలితే జీతం బాగా ఎక్కువిస్తామన్నారట, ఒప్పేసుకున్నాడు. ఒకరి కొంప కాలుస్తున్నవాడికి ఆయిలు మోస్తే ఆ మంట నీకూ తగులుతుందిరా బావా, మానెయ్యమని ఫోన్లో చెప్పాను. మనం డ్రైవర్లం, మనకెందుకవన్నీ అని నవ్వేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ చూస్తే ఈవిడ మైకు పట్టుకుని, నా కొడుకు లేకపోతే దొరల విమానాలు గాల్లోకి లేవవని సాక్ష్యం. దానికి సంఘమంతా ఆమెన్.

మరుసటి ఏడు వానాకాలంలో బెన్‌హర్‌ని ఎత్తుకుపోయారు. ట్యాంకర్లు వరసగా వెళ్తుంటే దారికాసి కాల్చారు. పక్క బండివాడు, బీహారు మనిషి, అక్కడికక్కడే పోయాడు. బెన్‌హర్‌ని కళ్ళకి గంతలు కట్టి కూర్చోబెట్టి టీవీలో చూపించారు. మావాడు పనిచేసే కువైట్ కంపెనీ తన బండ్లను ఇరాక్‌కి పంపడం మానకపోతే చంపేస్తామన్నారు. దీనా ఆ టీవీ ముందునుంచి లేవలేదు.

కబురు తెలియగానే టైర్ల షాపు నదీమ్ వచ్చాడు. బెన్‌హర్, అతనూ ఒక కంచంలో తిని పెరిగినవాళ్ళు. గుమ్మంలో కూర్చున్న చుట్టం ఒకాయన, మీవాళ్ళే కదా ఎత్తుకెళ్ళింది, నువ్వయినా చెప్పవయ్యా అన్నాడు. నదీమ్ ముఖం మాడిపోయింది. నేను ఆ పెద్దమనిషిని దులిపేసేలోపు అతనే నోరు విప్పాడు.

"మావోళ్ళేటి మావా? ఆళ్ళకాడ పెద్ద బాంబులున్నాయని సెప్పి అమెరికావోళ్ళు ఆ దేశం మీద పడ్డారు. బాంబులు దొరకనేదు, ఊళ్ళు పోయేయి. ఇల్లు కూలినోడు ఇమానాన్ని కొట్టగలడా? అందినోణ్ణి కొడతాడు. మనోడు అందేడు."

మరి మావాణ్ణి ఎత్తుకెళ్ళినవాళ్ళు చేసింది తప్పు కాదా అని అడిగాను. తప్పు కాదని నేనన్నానా అని తల దించుకున్నాడు.

సాయంత్రం టీవీవాళ్ళు వస్తామన్నారు. కన్నతల్లి మాట్లాడితే అక్కడి చానెళ్ళు కూడా చూపిస్తాయి, పట్టుకున్నవాళ్ళ కంట పడుతుందన్నారు. అత్త ఎదురుగా నదీమ్ బాసింపట్టు వేసుకుని కూర్చుని నేర్పాడు. నా కొడుకు పొట్టకూటికొచ్చిన డ్రైవరు, యుద్ధంతో వాడికి పని లేదు, మీ తల్లుల ముఖం చూసి వదిలెయ్యండి. అంతే చెప్పాలి. ఆయిలు ఊసు, సైన్యం ఊసు ఎత్తకూడదు. అత్త ఏడుస్తూనే బుద్ధిగా అప్పజెప్పింది. ఆ నాలుగు మాటలమీదే మావాడి ప్రాణం ఉందని ఇంట్లో అందరికీ తెలుసు.

వచ్చిన విలేకరి మైకు తనే పట్టుకుని ఉంటే బాగుండేది. గొంతు సరిగా వినపడడం లేదని తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాడు. అత్త లేచి నిలబడింది. కొంగు తలమీదికి లాక్కుంది. చర్చిలో లాక్కున్నట్టే లాక్కుంది.

"ప్రభువుకి స్తోత్రం. నా కొడుకుని దేవుడు దీవించేడు. అమెరికా దొరల ఇమానాలకి ఆయిలు తోలే పనిచ్చేడు. నా కొడుకు ఆయిలు ఎల్లకపోతే ఆళ్ళ ఇమానాలు లెగవు. అంత గొప్ప పనిచ్చిన దేవుడు ఆణ్ణి ఇడిసిపెట్టడు."

వెనక నిలబడ్డ సంఘంవాళ్ళు అలవాటుకొద్దీ ఆమెన్ అన్నారు. నదీమ్ బయటికి వెళ్ళి అరుగుమీద కూలబడ్డాడు. నేను విలేకరి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను, అది వెయ్యొద్దు బాబూ అని. లైవులో వెళ్ళిపోయిందండీ అన్నాడు. అప్పుడుగానీ అత్తకి తనేమందో తెలియలేదు.

ఆ తర్వాత పట్టుకున్నవాళ్ళు ఇంకో టేపు పంపారు. తల్లే ఒప్పుకుంది, ఇక దాచేదేముంది అన్నారు. ఆవిడ తిండి మానేసింది. ఉపవాస ప్రార్థన చేస్తోందని వీధిలో గొప్పగా చెప్పుకున్నారు గానీ, నిజానికి ఆవిడకి ముద్ద దిగలేదు, ప్రార్థన కూడా రాలేదు. కన్నకొడుకుని నా నోటితో నేనే చంపుకున్నానని గోడకి చెప్పుకునేది.

ఆఖరికి కంపెనీ దిగొచ్చి బండ్లు ఆపేసింది. బెన్‌హర్‌ని వదిలేశారు. సగం మనిషై ఇంటికొచ్చాడు. తల్లిని ఒక్క మాట అనలేదు.

వచ్చిన మొదటి ఆదివారం చర్చి కిటకిటలాడిపోయింది. నదీమ్ కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. పాస్టరుగారు సంతోషంగా మైకు అందించారు. బెన్‌హర్ దాన్ని పట్టుకుని సంఘం వైపు తిరిగాడు.

"నన్ను కాపలా కాసినోడు నా ఈడోడే. మాయమ్మ టీవీలో సెప్పింది ఆడూ సూసేడు. 'మీయమ్మ ఏ ఆయిలుకి స్తోత్రం సెప్పిందో, ఆ ఆయిలు పోసుకున్న ఇమానమే మా ఇంటిమీదకొచ్చింది' అన్నాడు. అవునో కాదో నాకు తెల్దు. ఆడికేటి సెప్పను? ఇప్పటికీ నాకు తెల్దు."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు మైకుకోసం చెయ్యి చాచారు. ఈలోపు తబితత్త లేచింది, మైకు లేకుండానే.

"ఆ ఇంట్లో ఎవులున్నార్రా?"

"ఆళ్ళమ్మ."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. ప్రార్థన చేద్దామన్నారు పాస్టరుగారు. ఎవరికోసం చెయ్యాలో తోచలేదు కాబోలు, కళ్ళు మూసుకుని చాలాసేపు ఊరుకున్నారు.