బరువు పెరిగిన పిల్ల

ఎక్స్‌రే బల్ల మీదికి ఎత్తబోతుంటే బొద్దమ్మ ఇంకోసారి కెవ్వుమంది. ఎడమ తొడ ఎముక పొద్దున్నే విరిగింది. పడలేదు, ఎవరూ కొట్టలేదు. మంచం మీద పక్కకు ఒత్తిగిలింది, అంతే. ఏడేళ్ల పిల్ల ఎముక ఎండుపుల్లలా పుటుక్కుమంది.

బొద్దమ్మ అన్నది ఆసుపత్రిలో పెద్ద నర్సు ముద్దుగా పెట్టిన పేరు. పుట్టిన వారానికే పేగు మెలిపడి కుళ్ళితే కోసేశారు. మిగిలిన జానెడు పేగుతో నోటి తిండి ఒంటబట్టదు. అందుకని ఛాతీలో పెట్టిన సన్నటి పైపు గుండా, సంచిలోని ఆహారాన్ని రోజూ నేరుగా నరంలోకి ఎక్కిస్తారు. నెలకోసారి ఆసుపత్రిలో తూకం. బరువు పెరిగితే చాలు, పెద్ద డాక్టరు "భేష్" అనేవాడు, సంచులు ఇచ్చేసేవారు. పిల్లను కూరగాయల్లా తూచడమే గానీ ఎత్తు కొలిచిన పాపాన ఎవరూ పోలేదు. సంచి తిండితో ఒళ్లు పెరిగినా లోపల ఎముకలు గుల్లబారొచ్చు, అది చూసే పరీక్ష ఒకటుంది. ఆ సంగతి పెద్ద డాక్టరుకు తెలుసు. తెలిసీ చేయించలేదు. అడిగేవాళ్లెవరని!

అమ్మ అడిగింది. ఆమె చొక్కాల కంపెనీలో చేతులు కుట్టే మనిషి. పోయినేడు పిల్ల నడుం నొప్పంటే ఎముకలు చూడమని అడిగింది. మొన్న చలికాలంలో కాళ్లు లాగుతున్నాయంటే మళ్లీ అడిగింది. "ఇంత బొద్దుగా ఉంటే ఎముకలకేం రోగమమ్మా?" అని నవ్వేశాడు పెద్ద డాక్టరు.

ఇప్పుడు నవ్వలేదు. ఎక్స్‌రేలో పక్కటెముకల్లో ఇంకో రెండు పాత విరుగుళ్లు కనిపించాయి.

"పిల్లను కొడతావా?"

"నేనా? అది నా ప్రాణం సార్!"

"పోనీ, నడిపిస్తావా? ఎండలో ఆడిస్తావా?"

అమ్మ తల దించుకుంది. పైపు ఊడితే ప్రాణం పోతుందనీ, మట్టి తగిలితే చీము పడుతుందనీ ఇక్కడే భయపెట్టారు. ఆ భయంతో ఏడేళ్లూ చంకన మోసింది, పాదం నేలకు ఆననివ్వలేదు. నడవని ఎముక గట్టిపడదని ఆమెకెవరు చెప్పారు? తప్పులో తన వాటా కొంచెమే. కానీ ఆ కొంచెమే గుండెలో గునపంలా దిగింది.

పెద్ద నర్సు ఒక కాగితం ముందుకు తోసింది. "కారణం: తల్లి అజాగ్రత్త వల్ల ఇంట్లో పడింది" అని అప్పటికే రాసి ఉంది.

"సంతకం పెట్టు తల్లీ, సంచులు ఎప్పట్లాగే వస్తాయి. పెట్టకపోతే విచారణంటారు. అది తేలేదాకా సంచులు ఆపేస్తారు. నీ మంచికే చెబుతున్నా."

ఎంత దయ! సంచి లేకపోతే పిల్ల ఎన్నాళ్లు బతుకుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు.

అమ్మ కలం తీసుకుంది. బల్ల మీంచి బొద్దమ్మ చూస్తోంది.

"నేను పడలేదుగా అమ్మా?"

"పడ్డావు. పడ్డానని చెప్పు, బంగారం."

పిల్ల ఎప్పుడూ అమ్మ మాట జవదాటలేదు. పెద్ద డాక్టరు వైపు తిరిగి, "పడ్డాను సార్" అంది. కాస్త ఆలోచించి, నొప్పికి పళ్లు బిగబట్టి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎక్కడ పడ్డానమ్మా?"

అమ్మ కలంతో ఆ వాక్యాన్ని కాగితం చిరిగేలా కొట్టేసింది. కింద వంకర అక్షరాలతో రాసింది: పడలేదు. రెండుసార్లు అడిగాను. పరీక్ష చెయ్యలేదు.

పెద్ద డాక్టరు చదివాడు. కోప్పడలేదు కూడా. "ఇవాళ్టి సంచి ఆపేయండి" అని పక్క గదిలోకి వెళ్లిపోయాడు.

పెద్ద నర్సు స్టాండుకు తగిలించిన సంచిని విప్పి, ఒళ్లో బిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని బయల్దేరింది. అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"అది అక్కడ పెట్టి వెళ్లండి అక్కా."