వంకర మీసాల పిల్లలు

ప్రయోగశాల ఎలుకల గదిలో పనిచేసే మనిషి కాలుగాలిన పిల్లిలా తిరగకూడదు. ఆ రోజు పెద్దమ్మాయి అలాగే తిరిగింది. సీసా మార్చిన పెట్టెకే మళ్లీ నీళ్ల సీసా మార్చింది. వేసిన మూత తీసి, ఎందుకు తీశానా అని చూస్తూ నిలబడింది.

ఏళ్లుగా ఎలుకల మధ్యే పనిచేస్తున్నా, ఆమెను ఈ గదికి మార్చింది ఈ వారమే. ఇక్కడి తల్లి ఎలుకల ఒంటినిండా అతుకులేసినట్టు మచ్చలు. వాటి కూతుళ్లలో సగం తల్లి పోలికే. కొడుకుల్లో సగం మాత్రం పాలిపోయి, వంకర తిరిగిన మీసాలతో పుట్టి, రెండు వారాలకల్లా పోతాయి. పరిశోధన చేసే మేడం విడమరచి చెప్పింది. లోపం ఉన్నది ఎక్స్ క్రోమోజోములో. ఆడదానికి అవి రెండు కాబట్టి, ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది, మచ్చలతో సరిపోతుంది. మగదానికి ఉన్నది ఒక్కటే. అది చెడితే ఒంటికి కావలసిన రాగి అందదు. తొలి రోజుల్లోనే రాగి సూది వేస్తే కొన్ని బతుకుతాయట.

అలా బతికిన ఓ తెల్లపిల్ల ఇప్పుడు మూల కూర్చుని గింజ కొరుకుతోంది. దాన్ని చూస్తే పెద్దమ్మాయికి ఒళ్లు మండింది. ఎలుక మీద అసూయేమిటని నవ్వేవాళ్లు నవ్వనీ. నిరుడు పోయిన ఆమె కొడుక్కీ ఇలాగే మెలితిరిగిన, రంగులేని జుట్టు, ముట్టుకుంటే విరిగేది. అప్పట్లో ఏ డాక్టరూ జబ్బు పేరు చెప్పలేకపోయాడు. ఆ పొద్దున ఫోన్లో వాడి ఫొటో చూపిస్తే మేడం చాలాసేపు చూసింది. మనుషుల్లోనూ ఇలాంటి జబ్బుందనీ, పుట్టగానే మందు మొదలుపెడితే కొందరికి గుణమిస్తుందనీ, ఇంట్లో ఆడవాళ్లంతా పరీక్ష చేయించుకోవాలనీ అంది.

చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. పుట్టేది మగబిడ్డయితే?

చెప్పడం ఒక్క మాట పని. కానీ అమ్మతో ఎలా? ఎలుకల కొంపలో చాకిరీ చేస్తే బిడ్డ ఎలా దక్కుతాడని ఏడాదిగా అమ్మది ఒకటే పాట. ఇప్పుడు వెళ్లి, లోపం నీ నుంచే వచ్చి ఉంటుందంటే కక్ష తీర్చుకున్నట్టుండదా? నిజం చెప్పాలంటే ఆ కక్ష కాస్త ఉంది కూడా. అదే ఆమెను ఒకచోట నిలవనివ్వలేదు.

మధ్యాహ్నం సెలవు పెట్టి పుట్టింటికి వెళ్లింది. తల్లీ చెల్లెలూ బట్టలు మడత పెడుతున్నారు. కూర్చోమన్నా కూర్చోకుండా అంతా చెప్పేసింది. అమ్మ తమ్ముళ్లు ఇద్దరు పొత్తిళ్లలోనే పోయారు; వాళ్ల జుట్టు ఎలా ఉండేదని అడిగింది. అమ్మ చేతిలోని బట్ట వదిలేసి, వాళ్లదీ అలాగే మెలితిరిగి ఉండేదంది.

"అయితే నా దగ్గర్నుంచే వచ్చిందన్నమాట," అంది.

"వచ్చుండొచ్చు. పరీక్ష చేస్తేగానీ తెలీదమ్మా."

చెల్లెలు పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "అక్కా, ఆ మందు మీవాడికి ఇచ్చుంటే బతికేవాడా?"

పొద్దుటినుంచీ ఆమె తప్పించుకు తిరిగింది ఈ ప్రశ్న నుంచే.

"పుట్టగానే తెలిసుంటే... బతికేవాడేమో."

అని అక్కడే కూలబడింది. బిడ్డ పోయిన రోజు కూడా రాని ఏడుపు కట్టలు తెంచుకుంది. అమ్మ ఓదార్చలేదు, ఆ విద్య ఆమెకు ఏనాడూ రాలేదు. పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ నిన్ను ఆడిపోసుకున్నానే అని మాత్రం గొణిగింది. ఏడుపు కాస్త తగ్గేదాకా ఆగి, మడతపెట్టిన బట్టల్ని పక్కకి నెట్టి లేచింది.

"రేపటిదాకా ఎందుకు, ఆ పరీక్షకి ముగ్గురం ఇప్పుడే పోదాం. ముందు నా రక్తం తియ్యమను."