బెత్తెడు తీగ

దాలమ్మ కోనాడ నుంచి మొదటి బస్సుకి విజయనగరం వచ్చి, పాలిటెక్నిక్ కాలేజీ గేటు పక్కన చేపల గంప దించేసరికి తొమ్మిదవుతుంది. సగం మంది చేపలకి వస్తారు, సగం మంది వేరే పనిమీద వస్తారు. ఆవిడకి రేడియో తరంగాలు వినపడతాయి మరి. పుట్టిన దగ్గర్నుంచీ అంతే. ఫోనులో సిగ్నల్ లేనివాడు వచ్చి, "అత్తా, మా ఈధి టవరు పలుకుతున్నాదా?" అని అడిగితే, చెవి రిక్కించి, "పలుకుతున్నాది గానీ గొంతు జీరపోయినాది. సాయంత్రానికి సద్దుకుంటాదిలే," అంటుంది. వాడు అరకేజీ కానాగంత చేపలు కట్టించుకుని పోతాడు.

ఆవిడ కూతురు రేఖ ఆ కాలేజీలోనే ఎలక్ట్రానిక్స్ ఆఖరి సంవత్సరం. పిల్లలంతా కలిసి ఒక రిమోట్ కారు తయారుచేశారు. రేపు విశాఖలో పోటీ. గెలిచినా ఓడినా, టీములో వెళ్లినవాళ్లని ఒక కంపెనీ ట్రైనింగుకి తీసుకుంటుందట. రేఖకి ఉద్యోగమంటూ వస్తే ఆ దారినే రావాలి.

ఇక జగన్నాధం సంగతి. ల్యాబ్ అసిస్టెంటు, ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆయన చెయ్యి పడ్డ వైరింగు దువ్వి జడేసినట్టుంటుందని కాలేజీలో పేరు. ఆ పేరే కొంప ముంచింది. నిన్న పిల్లలు వెళ్లిపోయాక కారు సర్దుతూ, రిసీవరు నుంచి వేలాడుతున్న తీగని చూసి, "ఇదేటి, తోకలాగ!" అనుకుని కటక్కున కత్తిరించి చెత్తబుట్టలో పడేశాడు. పడేసి మర్చిపోయాడు కూడా.

పొద్దున్న కారు పదడుగులు పరిగెత్తి ఆగిపోయింది. పక్కన నిలబడి రిమోటు నొక్కితే కదులుతుంది, దూరం జరిగితే ఉలకదు పలకదు. రిసీవరుకి సోల్డరింగు చేసింది రేఖ. టీముని చూసుకునే గణపతిరావు మేష్టారు "ఎవరి తప్పిది?" అని గట్టిగా అడిగేసరికి, జగన్నాధం నోరు ఊరుకుందా?

"సేపలు తోమిన సేతులండి, సోల్డరింగు ఏటి నిలుస్తాది?" అన్నాడు.

పిల్లలు కిసుక్కుమన్నారు. రేఖ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. మేష్టారు టీము జాబితాలో ఆమె పేరు కొట్టేశారు.

తరవాత జగన్నాధం రిపేరుకి కూచున్నాడు. కొత్త బ్యాటరీలు వేశాడు. రిమోటునీ రిసీవరునీ మళ్లీ జత కలిపాడు. మోటారు గోల తగలకుండా రిసీవరుని ఎడంగా జరిపాడు. ఏం చేసినా అదే తంతు. రేఖ పెట్టిన అతుకుల్ని భూతద్దంతో చూశాడు, ఒక్కటీ వంక పెట్టేలా లేదు. అప్పుడు కనిపించింది, మొండిగా మిగిలిన యాంటెనా తీగ. ఓరి నాయనోయ్! నిన్న తను కోసేసింది ఆ కారు చెవినే.

వెళ్లి చెప్పెయ్యొచ్చు కదా? చెప్పలేదండీ పెద్దమనిషి. చెత్తబుట్ట గాలించి, ఆ బెత్తెడు తీగ ఏరి, ఎవరూ చూడకుండా చొక్కా జేబులో దాచాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, మళ్లీ మూసేశాడు. మంచినీళ్ల కుండ దగ్గర రేఖ ఎదురై, "నమస్తే సార్," అంటే, వినపడనట్టు వెళ్లిపోయాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

మూడింటికి మేష్టారే దాలమ్మకి కబురు పెట్టారు, కరెంటు పోతే లైన్‌మేన్‌కి పెట్టినట్టు. ఆవిడ బయట కాళ్లు కడుక్కుని ల్యాబులోకి వచ్చింది. పొద్దున్న జగన్నాధం అన్న మాట అప్పటికే ఆవిడ దాకా వెళ్లింది. రేఖ మూలన నిలబడి ఉంది.

"రిమోటు నొక్కండి బాబూ," అంది దాలమ్మ. నొక్కారు. "దీని గొంతు బాగున్నాది. కారుకే సగం ఇనపడతన్నాది. మిగతా సగం..."

చెవి అటూ ఇటూ తిప్పి, బల్లలు దాటుకుంటూ వచ్చి జగన్నాధం ముందు ఆగింది. ఆయన జేబులో తీగ పలుకుతోంది. ఆయన గబుక్కున జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

దాలమ్మ గొంతు తగ్గించింది. "నాను సెప్తే నీ పరువు పోతాది బాబూ. నువ్వే సెప్పుకో."

తన పిల్లని అంత మాటన్నవాడు అడ్డంగా దొరికాడు. నలుగురిలో దులిపెయ్యొచ్చు. ఆవిడ మాత్రం అటు తిరిగి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది జగన్నాధానికి.

తీగ తీసి బల్ల మీద పెట్టాడు. "నానే కోసేసినాను మేష్టారూ. తెలిసాక దాసేసినాను. ఆ పిల్ల పనిలో ఏ తప్పూ లేదు. పొద్దున్న నానన్న మాట..." అంటూ తీగని మేష్టారి ముందుకి జరిపాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేష్టారు జాబితా తీసి, కొట్టేసిన చోటే రేఖ పేరు మళ్లీ రాశారు.

తీగ అతకాలి. జగన్నాధం సోల్డరింగు ఐరన్ అందుకోబోయి, ఆగి, రేఖకి ఇచ్చాడు. తను పట్టకారుతో తీగ పట్టుకున్నాడు.

"కదపకండి సార్, అతుకు చల్లారాలి," అంది రేఖ, రోజూ మాట్లాడే గొంతుతోనే.

ఆయన కదపలేదు. అతుకు చల్లారింది, కారు గేటు దాకా వెళ్లి వచ్చింది, పిల్లలు కేకలేశారు. జగన్నాధం ఆ బల్ల దగ్గరే, పట్టకారు చేతిలో పట్టుకుని, తల ఎత్తకుండా నిలబడి ఉన్నాడు.