త్రేనుపు మానిన నీలవేణి

రోహిణీకార్తె నాటి ప్రచండభానుకిరణములు కాలువగట్టు బురదను సైతము పెంకువలె ఎండబెట్టుచుండగా, కొబ్బరితోటలలోని కాకులు నోళ్లు తెరచి నీడకై వెదకుచుండగా, కోనసీమలోని పొట్టిలంక గ్రామమున విశ్రాంతాంధ్రోపాధ్యాయులగు కందాళ శేషాచార్యులవారు, లోకమింతగా వేడెక్కుటకు కారణము తమ పెరటిలోనే కట్టివేయబడియున్నదని కనుగొనిరి.

ఆ కారణము పేరు నీలవేణి. మేఘశ్యామలాంగియు వక్రవిషాణశోభితయు నగు ఆ గేదెకు ఎండుగడ్డి నెమరువేయుచు గంభీరముగ త్రేన్చుట పుట్టుకతో వచ్చిన విద్య. నాటి ఉదయమున పంచాయతీ అరుగుపై పశువైద్యురాలు సుగుణమణి ఉపన్యసించుచు, పశువుల త్రేనుపులతో మీథేనను వాయువు వెలువడి భూమిని వేడెక్కించుననియు, వట్టి ఎండుగడ్డి మేపిన అది హెచ్చుననియు, దాణా కలిపిన తగ్గుననియు చెప్పెను. తక్కినది వినుటకు ఓపిక చాలక ఆచార్యులవారు లేచి వచ్చిరి. ఏ సంగతినైనను సగము విని సంపూర్ణముగ ఆచరించుట వారి స్వభావము.

వచ్చినతోడనే గడ్డినంతయు తొలగించి, గంపెడు నూకలును మొక్కజొన్నపిండియు నీలవేణి ముందు కుమ్మరించిరి. దానిని దూడనాటినుండి పెంచిన ధర్మపత్ని వకుళమ్మ గాభరాపడెను.

"ఏవండీ, అలవాటు లేనిదానికి అన్నేసి నూకలు పెడతారేంటండీ? గడ్డిపరక లేకపోతే అది నెమరెలా వేస్తుందండీ?"

"గృహిణీ! లోకతాపోపశమనకార్యమునకు విఘ్నము కల్పింపకుము."

పొద్దు వాలకమునుపే నీలవేణి త్రేన్చుట మానెను. ఆచార్యులవారు ముక్కాలిపీట వేసికొని కూర్చుండి, గంటసేపు చెవియొగ్గి, ఒక్క త్రేనుపైనను వినరాకుండుటచే పరమానందభరితులై "వకుళా! జయము!" అని కేకవేసిరి. ఆమె పరుగున వచ్చి ఎడమడొక్కపై తట్టగా అది మద్దెలవలె మ్రోగెను. నీలవేణి కన్నులు తేలవేసి మూలుగుచుండెను.

"అయ్యో, నా తల్లిని చంపేశారండీ!" అని వకుళమ్మ భోరుమనెను. ఆచార్యులవారు పశువైద్యురాలికి కబురంపుటకై వీధిలోనికి పరుగెత్తిరి.

కబురందుకొని వచ్చిన సుగుణమణి వెదురుగొట్టముతో నూనె పట్టి, గాలి వెలువడుటకై నోరు మూతపడకుండ అడ్డముగ వేపపుల్ల కట్టి, గేదెను మెల్లగ మిట్టపైకి నడిపించెను.

"త్రేన్చితే బతుకుతుందండి మేష్టారూ. లేకపోతే డొక్కలో పొడిచి గాలి తియ్యాలి."

అంతట లోకసంరక్షణదీక్షాబద్ధులగు ఆ పండితోత్తములు చెమటలు క్రక్కుచు ఆ డొక్కను మర్దించుచు "అమ్మా నీలవేణీ! ఒక్క త్రేనుపు! ఒక్కటే!" అని దీనముగ వేడుకొనిరి. ఆమె కరుణించెను. నూకగంధబంధురమై దిగంతపరివ్యాప్తమైన ఆ మహోద్గారము సూటిగ వారి ముఖముననే తగిలెను. వారు ముఖము తుడుచుకొనలేదు. దాని మెడను కౌగిలించుకొని చిన్నపిల్లవానివలె ఏడ్చిరి.

"కొద్దికొద్దిగా కలపమన్నానండి, గడ్డి మానిపించమన్లేదు. పచ్చిమేత, కాస్త ఎండుగడ్డి, గుప్పెడు దాణా. మీరు ఆ మాట వినకుండానే లేచెళ్లిపోయారు," అని సుగుణమణి నవ్వెను.

నాటినుండి వారట్లే మేపుచున్నారు. త్రేనుపులు కొంత తగ్గినవి గాని నిలువలేదు. నీలవేణి త్రేన్చినప్పుడెల్ల ఆచార్యులవారు ఒకమారు ఆకాశమువంక క్షమాపణపూర్వకముగ చూచి, పిదప దాని డొక్కను కృతజ్ఞతతో నిమురుదురు.