నడిమి దుంగ

వీధి వెడల్పు చేస్తారన్న కబురు రాగానే అనూరాధకు ముందు గుర్తొచ్చింది అరుగు కాదు, అరుగు మీది దుంగ. శ్రీకాకుళం చేపల బజారు వెనక సందులో, వాళ్ళింటి ముందు బెంచీలా పడి ఉండే దుంగ అది, ఒకప్పటి చేపల తెప్పలోది. పిల్లలంతా దాని మీద కూర్చునే ముంజలు తిన్నారు, ఎక్కాలు వల్లించారు, తన్నుకున్నారు. వానాకాలం వస్తే ఇప్పటికీ దానిలోంచి ఉప్పు వాసన వస్తుంది.

టీ కొట్టు జగన్నాధం అప్పుడే దాని మీద కన్నేశాడు. "పొయ్యిలోకి ఇచ్చెయ్యమ్మా, ఎలాగూ అడ్డమే కదేటి," అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు మరి.

ఇవ్వలేకపోయింది. దానికో కారణముంది, ఎవరికైనా చెబితే నవ్వుతారు. నాన్న ఎల్లాజీ పోయి రెండేళ్ళయింది. మొహం ఫోటోలో ఉంది, చొక్కా బీరువాలో ఉంది. గొంతే ఎక్కడా మిగల్లేదు. చిన్నప్పుడు ఒకసారి తెప్ప మీద, ఈ నడిమి దుంగ మీదే, తనని ముందు కూర్చోబెట్టుకుని సముద్రంలోకి తీసుకెళ్ళాడు. దుంగల సందుల్లోంచి నీళ్ళు ఎగదన్నినప్పుడల్లా, "కాళ్ళు పైకెట్టుకోయే, తడిసిపోతాయి," అన్నాడు. తాత తన కొడుకులిద్దరికీ చెప్పిన మాటేనట అది. మాట గుర్తుంది, గొంతు గుర్తు రావడం లేదు. ఎచ్చెర్లలో ఆఫీసుకు వెళ్ళేముందు రోజూ కాసేపు దుంగ మీద కూర్చుని చెవి ఒగ్గి చూసేది. ఏమీ వినపడేది కాదు.

ఇక ఆ దుంగను పంపగల చోటు ఒక్కటే ఉంది, అక్కడికి వెళ్ళాలంటేనే ఆమెకు భయం. కళింగపట్నం అవతల మత్స్యకారుల పేటలో పెదనాన్న నూకయ్య ఉన్నాడు. తాత పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. ఎల్లాజీ సముద్రం మానేసి శ్రీకాకుళంలో చేపల కొట్టు పెడతానని బయల్దేరుతూ, తెప్ప కట్లు విప్పి, తాత కూర్చున్న నడిమి దుంగను తీసుకుపోయాడు. అది లేకపోతే తెప్ప తెప్ప కాదు. నడుం విరిచేసి పోనాడని నూకయ్య పేటంతా వినేలా తిట్టాడు. తమ్ముడు చచ్చిపోయినప్పుడు శ్మశానం దాకా వచ్చాడు గానీ, ఇంటి గడప తొక్కకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ ఇంటి మగవాళ్ళ పంతాలు అలాంటివి, తిండి మానుతారు గానీ మాట మార్చరు.

ఆదివారం పొద్దున్నే ట్రాలీ ఆటోలో దుంగ ఎక్కించి, బయటికి పొడుచుకొచ్చిన కొసకు ఎర్ర గుడ్డ కట్టి బయల్దేరింది. డ్రైవరు శివాజీ దారంతా, "ఏటి మేడం, పాకకి రాటా ఇది?" అని అడుగుతూనే ఉన్నాడు.

నూకయ్య వల బాగుచేసుకుంటున్నాడు. దుంగను చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ వల్లోకి తల వంచుకున్నాడు.

"ఇన్నాళ్ళకి దారి తెలిసినాదేటి?"

"నీది నీకు ఇచ్చెయ్యడానికి వచ్చాను పెదనాన్నా. అక్కడుంటే పొయ్యిలో పెట్టేస్తారు. మిగతావాటితో కలిపి ఒక్కసారి తెప్ప కట్టి చూపించు, చాలు."

నూకయ్య గడ్డంతో సముద్రం వైపు చూపించాడు. "మిగతావేవి? తిత్లీ తుఫాను అన్నీ ఊడ్సుకుపోనాది."

ఇంత దూరం మోసుకొచ్చింది దేనితో కలపడానికని అనూరాధకు ఏడుపొచ్చింది.

నూకయ్య లేచి వచ్చాడు. ఇద్దరు కుర్రాళ్ళను కేకేసి దుంగను ఇసకలోకి దింపించాడు. తాడు ఒరుసుకుని గాడి పడిన చోట అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"దొంగనాకొడుకు అట్టుకుపోనాడని ఇన్నేళ్ళూ తిట్టినాను," అన్నాడు. "ఆడు అట్టుకుపోబట్టి ఇదొక్కటీ మిగిలినాది. మా అయ్యది ఇంకేటీ లేదు నా దగ్గర."

కళ్ళు తుడుచుకుని దుంగ మీద కూర్చున్నాడు. తన ముందు చోటు చూపించాడు. అనూరాధ ఆఫీసు చీరకు సర్దుకున్నంత జాగ్రత్తగా కుచ్చిళ్ళు సర్దుకుని, చిన్నపిల్లలా అటు తిరిగి కూర్చుంది. ఎదురుగా సముద్రం ఉంది. నీళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి, కాళ్ళ కింద పొడి ఇసక.

అప్పుడు వెనక నుంచి, తల పక్కగా, నాన్న గొంతు వినపడింది.

"కాళ్ళు పైకెట్టుకోయే, తడిసిపోతాయి."

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే పెదనాన్న కనిపిస్తాడు. కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది.