కొంచెం జరగండి

పొద్దున్నే షెడ్డు తలుపులు తీయగానే పెట్టెలక్క చేసే మొదటి పని, పాత రైలు పెట్టెల కిటికీ చెక్కలన్నీ పైకెత్తడం. రాత్రంతా మూసి ఉంచితే అవి నిద్ర లేచిన ముసలివాళ్ళ నోళ్ళలా వాసనేస్తాయని అంటుంది. తర్వాత ఇత్తడి పిడులు తోముతుంది. మొదటి తరగతి మెత్తలు బయటికి లాగి ఎండలో వేసి కర్రతో బాదుతుంది. ఆ ఒక్క పనీ పాట పాడుతూ చేస్తుంది. "ఎంత పెద్దవాళ్ళు కూర్చున్న మెత్తలో కదా అక్కా" అని ఎవరైనా అంటే, "అందుకేగా బాదుతున్నది" అంటుంది.

ఆమెకు సొంత పేరు ఉంది కానీ జీతం ఇచ్చే రోజు తప్ప దాన్ని ఎవరూ వాడరు. జనానికి ఆ పెట్టెలన్నీ తిప్పి చూపించేది ఆమే కాబట్టి పెట్టెలక్క అయింది. ఆవిరి ఇంజనుకు ఆదివారం మాత్రమే నిప్పు రాజేస్తారు. ఆ రోజు పెట్టెలన్నిటినీ లాక్కుంటూ ఊరి చివరిదాకా వెళ్ళి దగ్గుకుంటూ తిరిగొస్తుంది. మిగతా రోజుల్లో బండి కదలదు, ఎక్కి చూడ్డమే.

వరసలో ముందు అధికారుల పెట్టె, తర్వాత మొదటి తరగతి, తర్వాత భోజనాల పెట్టె. అన్నిటికంటే చివర, ఇంజను పొగా మసీ ఎక్కువ తినకుండా పెద్దవాళ్ళను కాపాడటానికన్నట్టు ఒకప్పుడు ఇంజను పక్కనే తగిలించే మూడో తరగతి పెట్టె. దానికి మెత్తలు లేవు. కిటికీల వెంబడి ఆ చివరి నుంచి ఈ చివరికి వేసిన పొడుగాటి చెక్క బల్ల ఒకటి. 'పదిమంది మాత్రమే' అని గోడ మీద తెల్ల రంగుతో రాసి ఉంటుంది. ఆ మాట రాయించినవాడు జన్మలో మూడో తరగతి ఎక్కి ఉండడు.

ఆ బల్ల సాగుతుంది. కూర్చున్నవాళ్ళు కొంచెం జరిగితే చాలు, ఇంకో మనిషి పట్టేంత చోటు వస్తుంది. ఇంకొంచెం జరిగితే ఇంకో మనిషికి. నిలబడ్డవాళ్ళు తోసుకుని కూర్చుందామంటే మాత్రం అంగుళం కూడా పెరగదు. కూర్చున్నవాళ్ళే ముందు జరగాలి. కొత్త మేనేజరు వచ్చినప్పుడు ఒకసారి టేపు పట్టుకుని కొలిచాడు. ఎవరూ కూర్చోని బల్ల ఎప్పుడూ ఉన్నంతే ఉంది. "సాగినప్పుడు పాలిషు ఎక్కువ పడుతుందా?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయాడు. మొదటి తరగతి మెత్తలు ఎప్పుడూ ఎవరి కోసమూ సాగలేదు. అవి ఎందుకు సాగుతాయి! వాటి మీద కూర్చున్నవాళ్ళు ఎప్పుడు జరిగారు గనక.

ఆ రోజు వచ్చిన జట్టులో ఒక సిమెంటు వ్యాపారి, ఆయన భార్య, నర్సింగు చదివే అమ్మాయిలు కొందరు, ఒక దర్జీ, దర్జీ భార్య, వాళ్ళతో ఒక సన్నటి పిల్ల ఉన్నారు. పిల్ల చేతిలో రేకు పెట్టె ఉంది.

"పెట్టెలు చూడటానికి పెట్టెతో వచ్చావా తల్లీ?" అంది పెట్టెలక్క. "గేటు దగ్గర పెట్టు. ఎవరూ ఎత్తుకుపోరు."

పిల్ల దర్జీకి మేనకోడలు. అక్క కూతురు. తండ్రి ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. తల్లి వానాకాలంలో జ్వరంతో పోయింది. అప్పటి నుంచి మేనమామ ఇంట్లో ఉంటోంది. ఆ ఇంటికి రెండు గదులు. ఒకదాంట్లో కుట్టు మిషనూ, గుడ్డ కత్తిరించే పెద్ద బల్లా. రెండోదాంట్లో పొయ్యి, మంచం, దర్జీ ఇద్దరు కొడుకులు. పిల్ల కత్తిరింపు బల్ల కింద పడుకునేది. పక్కకు దొర్లితే తల బల్ల కాలికి తగిలేది. తగిలినా కిక్కురుమనేది కాదు. మామయ్య ఆమెను సూది అని పిలిచేవాడు. ఇంట్లో అంత తక్కువ చోటు తీసుకునే మనిషి ఇంకెవరూ లేరు.

ఇప్పుడు పక్క ఊరి అనాథల హాస్టల్లో ఒక మంచం ఖాళీ అయింది. సాయంత్రంలోపు పిల్లను తెచ్చి అప్పగించాలి, లేదంటే కాచుకుని ఉన్న ఇంకో పిల్లకి ఇచ్చేస్తాం అని వార్డెను కబురు చేసింది. మధ్యాహ్నం పోయే బస్సు తప్పితే ఆ ఊరికి ఆ రోజుకి మరొకటి లేదు. బస్సు ఆగేది షెడ్డు ఎదురుగానే. ఎలాగూ ముందే వచ్చాం కదా, పోయేముందు పిల్ల రైలన్నా చూస్తుంది అన్నాడు దర్జీ.

ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఈ మాట చెప్పి తీరాలి. లేనివాళ్ళ ఇంట్లో చోటు లేకపోతే దాన్ని తప్పనే హక్కు, గదికొక మనిషి చొప్పున కూడా లేని మేడల్లో కూర్చున్నవాళ్ళకి అసలే లేదు.

అధికారుల పెట్టెలో స్నానాల తొట్టి చూసి అమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

"ఈ తొట్టిలోనే ఒక పెద్ద అధికారి భార్య స్నానం చేస్తుంటే బండి మలుపు తిరిగింది. ఆవిడ నీళ్ళతో సహా వరండాలోకొచ్చి పడింది" అని చెప్పింది పెట్టెలక్క.

"పోయినసారి వచ్చినప్పుడు అధికారే పడ్డాడన్నావు కదక్కా?" అంది ఒకమ్మాయి.

"ఇద్దరూ పడ్డారు. ఒక్కరోజే పడాలని ఏముంది?"

సూది తొట్టినీ, నేలనీ, గోడనీ చూసింది. పొద్దుట్నుంచీ ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదటిసారి. "మామయ్యా, ఈ స్నానాల గదిలో మనింట్లో మంచం పడుతుందా?"

దర్జీ అలవాటు కొద్దీ కంటితోనే కొలిచాడు. "ఎందుకు పట్టదూ, రెండు పడతా..." అని ఆగిపోయాడు. పక్కనే ఉన్న భార్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయట బూడిద కుప్ప తప్ప ఇంకేం లేదు.

మొదటి తరగతిలో సిమెంటు వ్యాపారి మెత్త మీద కూలబడి, ఇక్కడే ఒక కునుకు తీస్తానన్నాడు. "తీయండి, మీ భారానికి దాని దుమ్మంతా దిగుతుంది, రేపు నాకు బాదే పని తప్పుతుంది" అంది పెట్టెలక్క. ఆయన భార్య అందరికంటే గట్టిగా నవ్వింది. భోజనాల పెట్టెలో పళ్ళేలు జారకుండా బల్లలకు కొట్టిన చెక్క అంచులు చూసుకుంటూ చివరికి మూడో తరగతిలోకి వచ్చారు.

ఆ పెట్టెకు ఒక వైపు తలుపు ఎప్పుడో బిగుసుకుపోయింది. ఎక్కడమూ దిగడమూ రెండో వైపు నుంచే. దర్జీ దంపతులు లోపలికంటా వెళ్ళి మూసిన తలుపు పక్కన కూర్చున్నారు. గోడ వైపు దర్జీ, అతని పక్కన భార్య. వ్యాపారీ ఆయన భార్యా కూర్చున్నారు. అమ్మాయిలు ఒక్కొక్కళ్ళే వచ్చారు.

"కొంచెం జరగండి" అంది పెట్టెలక్క.

వ్యాపారి జరిగాడు. చెక్క కిర్రుమని సాగింది. ఒకమ్మాయి కూర్చుని తనూ జరిగింది. ఇంకొకమ్మాయి కూర్చుంది. అలా అందరూ సర్దుకున్నారు. చివరికి సూది ఒక్కతే దర్జీ భార్య ఎదురుగా నిలబడి ఉంది.

"కూర్చో పాపా. అమ్మా, మీరు కాస్త పిల్లకి జరగండి" అంది పెట్టెలక్క.

దర్జీ భార్య జరిగింది. చెక్క కిర్రుమనలేదు.

"ఇంకొంచెం."

మళ్ళీ జరిగింది. మొగుణ్ణి గోడకేసి అదిమింది తప్ప, ఇటు పక్క బల్ల మీద అరచేయి పట్టేంత చోటు కూడా తేలలేదు.

"జరిగాను కదా! ఇంకెంత జరగమంటారు?"

"జరిగింది మీ చీరమ్మా. మీరు జరగలేదు" అంది పెట్టెలక్క. ఆమెకు నోటి దురుసు ఎక్కువ. అందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు, కానీ మాట పోయి తగలాల్సిన చోటే తగిలింది.

దర్జీ భార్య మొహం ఎర్రబడింది.

"అవును, జరగలేదు!" అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించేంత పెద్దగా వచ్చింది. "నేను రాయినా? నాకు పిల్లంటే పడదనుకుంటున్నారా? నేను కూడా ఒకరింట్లో పెరిగినదాన్నే. మా పెద్దమ్మ నన్ను చేరదీసింది. తిండి పెట్టింది, గుడ్డ ఇచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ ఇచ్చానని చెప్పింది. పెళ్ళిపీటల మీద కూడా చెప్పింది. ఆ మాటలు వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. మొన్న ఈ పిల్ల చేతిలోంచి గిన్నె జారింది. 'మా ఇంట్లో ఉంటూ మా సామాన్లే పగలగొడతావా' అన్నాను. నా నోట్లోంచి మా పెద్దమ్మ మాట్లాడింది! ఆ రాత్రి నాకు కూడు సహించలేదు. పదేళ్ళు పోతే నేనూ అలాగే తయారవుతాను. హాస్టల్లో అయితే కనీసం అలాంటి మాటలు పడక్కర్లేదు కదా."

దర్జీ భార్య వైపు కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "ఏమే, ఈ సంగతి నాతో ఒక్కసారైనా అన్నావా?"

"మీకు కాజాలు కుట్టడంలో తీరికెప్పుడుందండీ?"

సూది రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, లెక్క తప్పు చెప్పిన టీచరును చూసినట్టు అత్తయ్యను చూస్తోంది.

"హాస్టల్లో మాత్రం తిట్టరా అత్తయ్యా?" అంది. "అక్కడా ఎవరో ఒకరు తిడతారు. వాళ్ళు ఎట్లా తిడతారో నాకు తెలీదు. మీరైతే ఎప్పుడు తిడతారో తెలుసు. గిన్నె పడినప్పుడూ, మిషను దారం తెగినప్పుడూ. ఆ రెండు సార్లే."

వ్యాపారి భార్య ముందు నవ్వింది. తర్వాత అమ్మాయిలు. దర్జీ భార్య నవ్వబోయి ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, తనేం చేస్తోందో తనకే తెలియకుండా పిల్ల చెయ్యి పట్టుకుని, "రా, కూర్చుని చావు, నిలబడి నిలబడి కాళ్ళు పడిపోతాయి" అంటూ జరిగింది.

బల్ల కిర్రుమనలేదు. పెద్ద నది మలుపు తిరిగినట్టు ఒక్క ఊపులో సాగిపోయింది. సూది కూర్చుంది. సూది అవతల ఇంకో మనిషికి చోటుంది, ఆ అవతల ఇంకొందరికి, ఆ అవతల ఇంకెందరికో. వ్యాపారి ఎక్కడో చిన్నగా కనిపిస్తున్నాడు. నర్సింగు అమ్మాయిలు ఒకళ్ళకొకళ్ళు అందనంత దూరం జరిగిపోయి చేతులూపుకుంటున్నారు. కిటికీ పక్కన కిటికీ, ఆ పక్కన కిటికీ, ప్రతి దాంట్లోంచీ అదే బూడిద కుప్ప. తలుపు ఉన్న చోట చిటికెడంత వెలుతురు మాత్రం ఉంది.

"అప్పుడప్పుడు ఇలా ఎక్కువ సాగుతుంది" అంది పెట్టెలక్క. "దిగాలంటే నడవాల్సిందే. పదండి."

నడిచారు. కొంత దూరం పోయాక వ్యాపారి దంపతులను కలుసుకున్నారు. ఆయన చెమట తుడుచుకుంటూ, "ఇంత పొడుగు ఇంటికైతే సిమెంటు ఎంత పడుతుందో" అని లెక్కలు కడుతున్నాడు. భార్య సంచిలోంచి బఠాణీలు తీసి అందరికీ పంచింది. దారిలో నర్సింగు అమ్మాయిలు కలిశారు. నడుస్తూ నడుస్తూ దర్జీ భార్య తన పెద్దమ్మ ఎలా మూతి తిప్పేదో అభినయించి చూపించింది. అందరూ పొట్టలు పట్టుకున్నారు. ఇన్నేళ్ళలో ఆ మూతి నవ్వుకోదగ్గదని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. మధ్యలో అలిసిన చోటల్లా కూర్చున్నారు. కూర్చోవడానికి బల్లకేం కొదవ లేదు.

మధ్యాహ్నం బస్సు హారను రెండుసార్లు వినబడింది. దర్జీ ఆగాడు. భార్య ఆగలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని కిటికీలు చూసుకుంటూ అదే నడక నడిచింది. దర్జీ కూడా మళ్ళీ నడక మొదలుపెట్టాడు.

వాళ్ళు మెట్టు దిగేసరికి ఎండ వాలిపోయింది. బయటి నుంచి చూస్తే పెట్టె ఎప్పటిలాగే ఉంది, భోజనాల పెట్టెకంటే ఒక జానెడు చిన్నదిగా.

"మీ బస్సు పోయి చాలాసేపయింది. హారను కొట్టి కొట్టి పోయాడు" అన్నాడు గేటు దగ్గర కాపలావాడు.

"పోయిందా?" అంది దర్జీ భార్య.

"పోయింది."

"పోతే పోయిందిలే. ఆ కాచుకున్న పిల్లకైనా మంచం దొరుకుతుంది."

పిల్లను ఉంచేసుకుందాం అని ఎవరూ అనలేదు. అనాల్సిన పని బల్ల చేసి పెట్టింది. దర్జీ రేకు పెట్టె భుజానికెత్తుకున్నాడు. నాలుగడుగులు వేసి, "కత్తిరింపు బల్లకి మడత బందులు కొట్టి గోడకి తగిలిస్తాను. పనున్నప్పుడు దించుకోవచ్చు, లేనప్పుడు మడిచి పెట్టుకోవచ్చు. కింద అంతా ఖాళీయే" అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఈ తెలివి ఎక్కడ తాకట్టు పెట్టారండీ?"

"నన్ను ఎవరడిగారు?"

ఇంటి దారిలో నీళ్ళ పైపు పగిలి రోడ్డంతా బురదగా ఉంది. దాటబోతూ సూది జారింది. పడకుండా అత్తయ్య లాగింది కానీ గౌను సగం బురదైంది.

"కళ్ళు నెత్తి మీద పెట్టుకుని నడుస్తున్నావా?" అని అత్తయ్య వీధంతా వినబడేట్టు అరిచింది. "ఉతికేది ఎవరనుకున్నావ్, మీ మామయ్యా?"

వద్దు, ఈ పూటకి వద్దు అనుకున్నాడు దర్జీ.

సూది అత్తయ్య చేతిలోంచి చెయ్యి లాక్కుని, నడుం మీద పెట్టుకుని నిలబడింది. "నువ్వు ఆ వైపు లాగితేనే కదా నేను ఈ వైపు జారింది! నీ చీర కూడా అయింది, ముందు అది చూసుకో!"

అత్తయ్య వంగి చూసుకుంది. నిజంగానే కుచ్చిళ్ళన్నీ బురద. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"వింటున్నారా, ఈ నోరు వింటున్నారా? ఎవరి పోలికండీ ఇది!"

దర్జీకి గుండెల మీదున్న బండ దిగిపోయింది. రేకు పెట్టె ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదకి మార్చుకున్నాడు.

"ఇంకెవరి పోలిక? అచ్చం నీదే" అన్నాడు.